లేని చేతికి వైద్యం

చెరకు మిల్లు యంత్రంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్న ఎలీజియో ముందు, అతని కుడిచేతి పక్కనే భార్య ఒసీరిస్ అద్దం నిలబెట్టింది.

"లేని చేతికి వైద్యమా? రేపు లేని కారుకి పెట్రోలు కూడా పోయిద్దాం."

"ఆ లేని చెయ్యే పిడికిలి బిగుసుకుపోయి నొప్పని రోజంతా మూలిగేది ఎవరు? కుడి పిడికిలి మెల్లగా తెరువు. అద్దంలో అది ఎడమచెయ్యిలా కనిపిస్తుంది."

"ఎవరికోసం ఈ గారడీ?"

"నీ మెదడు కోసం. చెయ్యి పోయిన సంగతి దానికింకా తెలీదట, డాక్టరమ్మ చెప్పింది. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. దానికేదైనా ఆలస్యంగానే తెలుస్తుంది."

"ఒసీరిస్..."

"ఏం, నోరు కూడా పడిపోయిందా?"

"ఎడమవేళ్ళు విచ్చుకున్నాయే! అరచేతిలో దిగబడ్డ గోళ్ళు వదిలేశాయి."

"అయితే అద్దమివ్వు, తల దువ్వుకోవాలి."

"కాసేపుండనీవే. నువ్విలాగే అందంగా ఉన్నావు."

"అబ్బో! నొప్పి పోతూ పోతూ నీ చూపు కూడా పట్టుకుపోయినట్టుంది," అంటూ ఆమె అద్దాన్ని అతని దగ్గరికి ఇంకాస్త జరిపింది.