వంతెన దాటిన మాట

సభకు అధ్యక్షత వహిస్తున్న మా స్టేషన్ డైరెక్టర్ గారికి, నా గురించి ఇన్ని మంచి మాటలు కాగితం చూసి మరీ చదివిన ముఖ్య అతిథి గారికి, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న అంతకన్నా పెద్దలకు, ఫ్యాను కింద కుర్చీ కోసం అరగంట ముందే వచ్చేసిన మిత్రులకు నమస్కారం. ఇరవై తొమ్మిదేళ్ళు పొద్దున్నే రేడియోలో ఊరందరికీ టైమెంతో చెప్పి రిటైరవుతున్నవాడికి గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. ఇన్నాళ్ళూ తప్పు టైం చెప్పావురా నాయనా అని మర్యాదగా చెప్పడమే కదండీ ఇది! (నవ్వులు)

మా స్టేషన్ సంగతి మీకు తెలుసు. రెండు గదులు, ఒక ఇరుకు మెట్లదారి, ఊపిరి గట్టిగా పీలిస్తే కిర్రుమనే నా కుర్చీ. మా ప్రసారం ఊరి చివర వంతెన దాకా శుభ్రంగా వినిపిస్తుంది, వంతెన దాటితే గరగర, ఇంకాస్త పోతే అదీ ఉండదు. అందరూ దాన్ని మా స్టేషన్ లోపం అనుకున్నారు గానీ, నా ధైర్యమంతా ఆ వంతెన ఇవతలే ఉందని ఎవరికీ తెలీదు. ఎందుకంటే మా అక్క కాపురం వంతెనకి అవతల, బస్సులో ఐదు గంటల దూరం.

నా ‘పొద్దుటి పలకరింపు’ కార్యక్రమంలో వార్తలకీ పాటకీ మధ్య మూడు నిమిషాలు మిగిలేవి. వాటిలో మా అక్క కథలు చెప్పేవాణ్ణి. మామగారిని లోపలే ఉంచి ఇంటికి తాళం వేసుకుని సినిమాకి వెళ్ళిన అక్క. ఒక పెళ్ళికని బయల్దేరి, పక్క హాల్లో వేరే వాళ్ళ పెళ్ళిలో భోంచేసి, వధూవరులతో ఫోటో కూడా దిగి వచ్చిన అక్క. చిన్నప్పుడు నన్ను నోరెత్తనివ్వని అక్క. కూరగాయల కొట్టాయన నన్ను చూస్తే ముందు అక్క క్షేమం అడిగి, తర్వాతే వంకాయలు తూచేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నేను వంతెనని నమ్ముకుని ఇరవై ఏళ్ళు తాగాను.

అప్పుడు మా ప్రొడ్యూసరమ్మ వచ్చింది. అదిగో, గోడవార చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నన్ను రికార్డు చేస్తోంది, తల ఎత్తమ్మా, అందరూ చూడాలి. “సార్, మన కార్యక్రమాలు ఇంటర్నెట్లో పాడ్‌కాస్ట్‌గా పెడదాం, ఎక్కడివాళ్ళయినా వింటారు” అంది. “మన నల్లా నీళ్ళ వేళలు పరాయి దేశంలో ఎవరికమ్మా?” అని నేను పకపకా నవ్వాను. నవ్విన నాప చేనే పండింది. ఓడలో వంట చేసే ఒకాయన నడిసముద్రంలోంచి ఉత్తరం రాశాడు, మంచు కురిసే ఊళ్ళోంచి ఒక నర్సమ్మ రాసింది. నా గొంతు గురించి రాశారేమోనని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. అందరిదీ ఒకటే ప్రశ్న: “మీ అక్క ఎలా ఉన్నారు?” (నవ్వులు)

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పృథివంతా దాటిందని మురిసిపోతున్నానే గానీ, ముందు దాటేది వంతెననే అన్న ఇంగితం నాకు లేకపోయింది. మా మేనకోడలు వంటింట్లో ఫోను పెట్టి అక్కకి వినిపించింది. బఠాణీలు ఒలుచుకుంటూ అక్క నాలుగు రోజుల్లో ఎనభై మూడు భాగాలు వింది. ఐదో రోజు నాకు ఫోను చేసింది.

“తాళం సంగతి పోనీలేరా, పెళ్ళిభోజనం నాకు అంటగట్టావు, అదీ పోనీ. కానీ చిన్నప్పుడు నిన్ను నోరెత్తనివ్వలేదన్నావు చూడూ...” అని ఆగి, ఫోను పెట్టేసింది. ఎనిమిది నెలలైంది. మళ్ళీ మాట్లాడలేదు.



తాళం వేసింది నేనండీ. లోపలున్నది మా మామగారు. పెళ్ళి ఫోటోలో పళ్ళికిలిస్తున్నదీ నేనే. ముందు వరసలో మా ఆవిడ ఎందుకలా నవ్వుతోందో ఇప్పుడర్థమైందా? అవి నవ్వించడానికి చెప్పిన అబద్ధాలు. మూడోది మాత్రం దాచుకోవడానికి చెప్పాను.

నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా నత్తి. నా పేరు నేను చెప్పుకోవడానికి ఒక పూట పట్టేది. బళ్ళో, కొట్లో, చుట్టాల ముందు, ఎవరైనా నన్నేదైనా అడిగితే నా బదులు అక్క గబగబా జవాబు చెప్పేది, నేను మధ్యలో ఇరుక్కుని నవ్వులపాలు కాకుండా. అక్కకి వసపిట్ట అని పేరు పెట్టారు, నా కోసం ఆ మాటా పడింది. రోజూ సాయంత్రం నా చేతికి పేపరిచ్చి పైకి చదవమనేది. ఎదురుగా మనిషుంటే నాకు మాట రాదని, తలుపుకి అవతల కూర్చుని వినేది. నేను ఆగిపోతే నవ్వేది కాదు, కసిరేది కాదు, “ఊఁ, ఉన్నాను, చదువు” అనేది. కనిపించని మనిషికి మాట్లాడటం నేను నేర్చుకున్నది ఆ తలుపు దగ్గరండీ, ఈ స్టేషన్లో కాదు, డైరెక్టరు గారు ఏమీ అనుకోకూడదు.

నత్తి ఉండేదని తెలిస్తే ఉద్యోగం ఇవ్వరేమోనని మొదట్లో భయం. ఉద్యోగం వచ్చాక సిగ్గు. అందుకని “చిన్నప్పుడు మా అక్క నన్ను నోరెత్తనిచ్చేది కాదండీ” అని ఊరిని నవ్వించాను. నన్ను కాపాడిన నోటినే ఎగతాళి చేశాను. అక్కా, నాది తప్పు. సరదాకి అన్నానని తప్పించుకోను.

అక్క ఇవాళ ఈ సభకి వచ్చింది. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది, వచ్చినప్పట్నుంచీ నా వంక చూడలేదు, కిటికీ వంకే చూస్తోంది.

ఇన్నేళ్ళు నన్ను భరించిన శ్రోతలకి, నా కుర్చీ చప్పుడుని తన తప్పుగా రాసుకున్న ఇంజనీరు గారికి, మా ఆవిడకి, మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రొడ్యూసరమ్మా, రికార్డింగ్ ఆపకు. ఇప్పట్నుంచి ఎవరైనా ఈ మైకు దగ్గరికి వచ్చి నా గురించి ఏం చెప్పినా, ఎంతసేపు చెప్పినా ఒక్క ముక్క కత్తిరించకుండా అన్ని దేశాలకీ పంపాలి. నా కార్యక్రమం అయిపోయింది, సెలవు. అక్కా, మైకు ఆన్‌లోనే ఉంది.

(మూడో వరసలో కుర్చీ జరిగిన చప్పుడు)