జాలరి కాపురం మార్చిన బొమ్మ

శనివారం సాయంత్రం షామ్‌బర్గ్‌లో రామమోహన్ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకున్న తెలుగువాళ్ళ విందు. భోజనాలయ్యాయి, టీలొచ్చాయి. గోడమీది నల్లసిరా కొండల బొమ్మ వంక మాత్రం ఒక్కరూ చూడలేదు. రామమోహన్‌కి లోపల గుబులుగా ఉంది. ఏడాదిపాటు ఈవెనింగ్ క్లాసుకెళ్ళి, చైనా మాస్టారు లిన్ గారి దగ్గర నేర్చుకుని రామమోహన్ స్వయంగా వేసిన బొమ్మ అది. ఇవాళ ఒక్కరైనా బాగుందనకపోతే రేపు పొద్దున్నే దాన్ని గరాజ్‌లో పడేసి అక్కడ గడియారం తగిలిస్తానని భార్య రేణు తేల్చి చెప్పేసింది. ఇక ఆగితే లాభం లేదని ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ఆ బొమ్మ చూశారా? చైనాలో పూర్వం చదువుకున్న ఆఫీసర్లు పగలు ఉద్యోగం చేసుకుని, తీరికవేళ ఇలాంటివి వేసుకునేవాళ్ళు. అచ్చం మనలాగే అనుకోండి. ముందు పాత మహానుభావుల బొమ్మలు చూసి దించాలి, చెయ్యి తిరిగాకే సొంతం. అందులో సిగ్గేం లేదు, ఫలానా ఆయన పద్ధతిలో వేశానని బొమ్మమీదే రాసుకుంటారు కూడా. సరే, నేనూ ఆరొందల ఏళ్ళ నాటి ఒక పెద్దాయన బొమ్మ దించాను. లిన్ గారు చూసి పర్వాలేదన్నారు."

"బాగుందనలేదా?" అన్నాడు ఆఫీసులో పక్క సీటు వెంకట రమణ.

"ఆయన నోట పర్వాలేదంటే మన దగ్గర శాలువా కప్పినట్టే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలుదాంతో పోల్చి చూద్దామని మ్యూజియంకి డ్రైవ్ చేశాను. పేరు చెప్పను, పాపం వాళ్ళ పరువు పోతుంది. క్యూరేటర్ రెండూ బల్లమీద పరిచి, కళ్ళద్దాలు తుడిచి తుడిచి, ఏది ఏదో తేలక కూలబడ్డాడు. ఇంతలో గార్డు ఒకడు ఒళ్ళంతా తడిసి తుమ్ముతూ వచ్చాడు. ఏమయ్యా అంటే, నా బొమ్మ పక్కన నిలబడ్డాట్ట. ఈ బొమ్మల్లో కాగితం ఖాళీగా వదిలిన చోటే పొగమంచు కదా, అది మెల్లగా హాల్లోకి దిగింది."

"ఫైర్ అలారం మోగలేదా?" పొడుగాటి కృష్ణమూర్తి చాలా సీరియస్‌గా అడిగాడు.

"మోగింది. ఫైరింజనూ వచ్చింది. పొగ కాదు, మంచేనని తేల్చుకుని వాళ్ళు కోట్లు బిగించుకుని వెళ్ళిపోయారు. అప్పుడు, వినండి, ఆ పెద్దాయన బొమ్మలో ఉన్న ముసలి జాలరి కాగితం అంచుదాకా వచ్చి, ఇన్నాళ్ళకి మంచి ఒడ్డు కనపడిందని పడవతో సహా నా బొమ్మలోకి కాపురం మార్చేశాడు. క్యూరేటర్ నా రెండు చేతులూ పట్టుకుని, సార్, జాలరి ఉన్నదే మాకు కావాలి, మీది మాకిచ్చి మాది పట్టుకెళ్ళండని బతిమాలాడు. కాదనలేకపోయాను."

అందరూ లేచి గోడ దగ్గరికి చేరారు. వెంకట రమణ భార్య శాంతి కళ్ళు చికిలించి, నిజంగా చాలా బాగుందండీ అంది. రామమోహన్‌కి ప్రాణం లేచొచ్చింది.

రేణు టీ కప్పులు పక్కన పెట్టి వచ్చింది. "అంటే, ఇది మీరు వేసింది కాదా?"

"కాదు మరి. అసలుది," అన్నాడు రామమోహన్ మీసం సవరించుకుంటూ.

"మీ చేత్తో వేశారు కదా అని ఇన్నాళ్ళూ దుమ్ము దులుపుతూ వచ్చాను. ముక్కూ మొహం తెలియని ఆయన వేసింది మన గోడకెందుకండీ? కృష్ణమూర్తి గారూ, కాస్త దించి పెడుదురూ."

కృష్ణమూర్తి మేకు మీద చెయ్యి వేశాడు. రామమోహన్ గబగబా అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు కథన్నా పోవాలి, గోడన్నా పోవాలి.

"ఆగండి," అన్నాడు చివరికి. "అది నేను వేసిందే. మ్యూజియం దాకా వెళ్ళాను గాని, పార్కింగ్ దొరక్క తిరిగొచ్చేశాను."

రేణు బొమ్మని ఒకసారి కిందినుంచి పైదాకా చూసింది.

"అయితే ఉండనివ్వండి, కృష్ణమూర్తి గారూ," అంది. "మా ఆయన వేసింది."