పొద్దుటి ప్రోగ్రాంలో గుర్రం

వరస కాస్త అటూ ఇటూ కావచ్చు, ముందే చెబుతున్నాను. ఏది ముందు, ఏది తర్వాత అని నిలదీస్తే ఇవాళ ఒకలా చెబుతాను, రేపు ఇంకోలా చెబుతాను. అంతమాత్రాన జరిగింది జరగకుండా పోదు. దండ తెగి పూసలు దొర్లిపోతే అసలు దండే లేదంటారా ఎవరైనా? మా అమ్మాయి అంటుంది.

నిన్న పొద్దుటి సంగతి. మా టైలరింగ్ షాపు మా నాన్నది, తర్వాత నాది, ఇప్పుడు మా అమ్మాయిది. షాపు ముందు బల్ల మీద రోజూ పొద్దున్నే టీ గ్లాసులతో ఇద్దరు చేరతారు. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఇంకొకావిడ మేడ మీద పళ్ళ ఆస్పత్రి నడిపే డాక్టరమ్మ. గుమ్మం పక్కన స్టూలు మీద మా చెల్లెలు, నోట్లో దారప్పోగు పెట్టుకుని, ఒళ్ళో చొక్కాకి గుండీలు కుడుతూ ఉంటుంది. దాని నోట్లో దారం ఉన్నంతసేపూ మనకి ప్రశాంతం.

లోపల గోడ మీద టీవీ మోగుతోంది. కోటు వేసుకున్న ఒకాయన మోకాళ్ళ నూనె అమ్ముతున్నాడు. ఛానల్ మారిస్తే ఆరుగురు ఆరు గళ్ళలో కూర్చుని కొట్టుకు చస్తున్నారు. ఇంకోటి మారిస్తే ఒకావిడ పొద్దున్నే ఏమేం తినకూడదో చెబుతోంది, మనకి తినడానికి ఏదీ మిగల్చలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపవే దాన్ని, పొద్దున్నే ఇంట్లోకి రావలసిన మొహాలా అవి, పొద్దుటి ప్రోగ్రాం అంటే మా రోజుల్లో ఎలా ఉండేదో తెలుసా అన్నాను.

మా అమ్మాయి కత్తెర ఆపి నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఈ మధ్య ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయాను, ఎవరిదో కొత్త ప్యాంటు మీద పడవంత మచ్చ పడింది. అప్పటినుంచి పెట్టె నా చేతికివ్వదు, కత్తెరా ఇవ్వదు. ఇవాళ సాయంత్రం మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళుతోంది. ఆయన ఒక్క మాట అన్నాడంటే ఈ షాపులో నా కుర్చీ లేచిపోతుంది, ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చేపోయే బళ్ళు చూసుకోవడమే. ఆయనతో చెప్పాల్సిన వాటిలో నేను చెప్పే పొద్దుటి ప్రోగ్రాం గుర్రం సంగతి కూడా ఉందట. అలాంటి ప్రోగ్రామే లేదమ్మా, ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు, నువ్వే కల్పించుకుంటున్నావు అంటుంది. ఎక్కడ దొరుకుతుంది? అది అప్పటికప్పుడు ఆడి వదిలేసిన ప్రోగ్రాం. ఎవరో దారిన పోతూ పాడిన పాట సంచీలో వెతికితే దొరుకుతుందా?

అందుకే నిన్న గొంతు పెంచే మొదలుపెట్టాను, లోపల బట్ట కత్తిరించేవాళ్ళకి కూడా వినపడాలని.

చూడండి డ్రైవరు గారూ, స్టూడియో వాళ్ళు మా నాన్న దగ్గరికి వచ్చి గుర్రం వేషం కుట్టమన్నారు, ఇద్దరు మనుషులు దూరే గుర్రం. మా నాన్న కోట్లు కుట్టాడు, పరదాలు కుట్టాడు గానీ గుర్రానికి ఎప్పుడూ కుట్టలేదు. కొలత తీసుకోకుండా కత్తెర పట్టని మనిషి. గుర్రం వచ్చి చేతులు చాపి నిలబడదు కదా, అందుకని నన్నూ ఇదిగో మా చెల్లెల్నీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి టేపు పెట్టాడు. గుర్రం బ్రహ్మాండంగా వచ్చింది. తీరా స్టూడియోలో నటులు దూరబోతే ఒకాయన మెడ దగ్గర ఇరుక్కున్నాడు, రెండో ఆయనకి పొట్ట పట్టలేదు. ఆ కొలతలకి సరిపోయేవాళ్ళు ఈ భూమి మీద ఇద్దరే. అవతల ప్రోగ్రాం మొదలవుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మమ్మల్నే లోపలికి తోసి గుండీలు పెట్టేశారు. నేను ముందు, ఇది వెనక.

చెల్లెలు తలెత్తలేదు. దారం కొరికి ఇంకో గుండీ అందుకుంది.

ఆ ప్రోగ్రాం నడిపేది పైజామా మావయ్య. నిద్ర లేచిన బట్టలతోనే వచ్చి, నోట్లో బ్రష్షు పెట్టుకుని నురగతోనే పలకరించేవాడు, సగం మాటలు మనమే ఊహించుకోవాలి. ఎవరిదో తెలియని కుక్క ఒకటి సోఫా మీద పడుకునేది, దాన్ని లేపడం మర్యాద కాదని వచ్చినవాళ్ళు కింద కూర్చునేవాళ్ళు. వార్తలు చదివే గంభీరం గారు ఒక్కరే కోటూ టైతో బిగుసుకుని ఉండేవారు. మొదటి రోజే నేను వెళ్ళి ఆయన చేతిలో వార్తల కాగితం లాగి నమిలేశాను. ఆయనేం చేస్తారు పాపం, గుర్తున్నవి చెప్పి, మిగతావి అల్లి చెప్పారు. ఆ రోజు వార్తలన్నీ మంచివే.

గుర్రానికి పళ్ళు దేంతో పెట్టారని డాక్టరమ్మ అడిగింది, వృత్తి కదా. అట్ట ముక్కలకి తెల్లరంగు పూసి జిగురుతో అతికించారు, ఆ జిగురు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది అన్నాను.

ఇక వానలాయన. ఆయన పటం ముందు నిలబడి ఇవాళ వాన లేదు అనగానే పైనుంచి ఎవరో బకెట్ నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. ఒకరోజు తెలివిగా గొడుగు తెచ్చుకున్నాడు, నల్ల గొడుగు, ఒక ఊచ విరిగింది కూడా. నేను ఊరుకుంటానా? ఒక్క తాపు తన్నాను. మనిషి గొడుగు పట్టుకుని గాల్లోకి లేచి లైట్ల దాకా వెళ్ళాడు. దిగలేదు. అక్కణ్ణుంచే వాతావరణం చెప్పాడు. పైనుంచి చూసి చెప్పాడు కాబట్టి ఆ రోజు ఒక్క ముక్క తప్పలేదు.

గుర్రం తన్నేది వెనక కాళ్ళతో కదా పెద్దమ్మ గారూ, ముందున్న మీరెలా తన్నారు అని డ్రైవరు అడిగాడు. మా గుర్రం ఎటైనా తన్నేది అని చెప్పి ముందుకెళ్ళిపోయాను. అడ్డం వచ్చినవాళ్ళని చూసి ఆగితే ఆయన మాత్రం బస్సు నడిపేవాడా?

ఆ ప్రోగ్రాం అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ గడప దాటేవాళ్ళు కాదు. ఆఫీసులు తెరిచేవాళ్ళు లేరు, బళ్ళో గంట కొట్టేవాళ్ళు లేరు. తెల్లవారుజామున దొంగతనానికి వెళ్ళిన దొంగ టీవీ ముందు ఇంటివాళ్ళ పక్కనే కూర్చుండిపోయి, అయ్యాక వాళ్ళతో కలిసి కాఫీ తాగి వెళ్ళాడు. రైళ్ళు ఆగాయి, బస్సులు ఆగాయి. నేను ఒక్కరోజు కూడా బస్సు ఆపలేదమ్మా అన్నాడు డ్రైవరు. బస్సులో జనం ఉన్నారో లేదో గుర్తు తెచ్చుకోండి అన్నాను. ఆయన గ్లాసు పట్టుకుని నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

మంత్రిగారు వచ్చారు ఒకరోజు. ప్రసంగం రాసుకొచ్చిన కాగితం తీయగానే నేను తినేశాను. ఆయన కాసేపు చూసి, గుర్రం ఎక్కి, నాకు చెప్పడానికేమీ లేదు అన్నారు. జనం ఒకటే చప్పట్లు. అంతటి నిజం ఆయన అంతకుముందెప్పుడూ చెప్పలేదు. మంత్రిగారిని మోశారా అని డాక్టరమ్మ అడిగింది. మోయకేం, వెనక ఇది కాస్త మూలిగింది గానీ అన్నాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పందెం గుర్రాన్ని తోలుకొచ్చారు, అసలు సిసలు గుర్రం, మెడ నిండా పతకాలు. దానికీ నాకూ సోఫా చుట్టూ పరుగు పెట్టారు. నేను ఎంత జోరుగా తిరిగానంటే, ఒక మలుపులో నా తోక నాకే ఎదురొచ్చింది. ఒసేయ్ తప్పుకో అని అరిచాను. ఆ పందెం గుర్రం తలవంచుకుని వెళ్ళిపోయి, తర్వాత కట్టెల బండి లాగుకుంటూ బతికిందట.

చివరికి సముద్రాల అవతలి నుంచి రాజుగారే దిగారు. ఈ గుర్రం ఇస్తే అర్ధరాజ్యం రాసిస్తానన్నారు. పైజామా మావయ్య నోట్లో బ్రష్షు తీయకుండానే తల అడ్డంగా ఊపాడు. అప్పుడు రాజుగారు కిరీటం తీసి కుక్క పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. గుర్రం నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. అంటే నా నుదుటి మీద. ఇదిగో, ఇక్కడ.

ఆ మర్నాటి నుంచి ప్రోగ్రాం లేదు. హుందాగా లేదన్నారట ఎవరో పెద్దలు. జనం పొద్దున్నే నవ్వితే వాళ్ళకేం పోయిందో. సోఫా మీంచి కుక్కని దింపి కోట్లవాళ్ళు కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్ళు ఇదిగో, మోకాళ్ళ నూనె అమ్ముకుంటూ ఇప్పటికీ లేవలేదు.

చెల్లెలు నోట్లోంచి దారం తీసింది.

"అక్కా, మిగతావన్నీ పోనీలే అనుకున్నాను. ఆ ముద్దు మాత్రం నాది. ముందున్నది నేను. నువ్వు వెనక కాళ్ళు."

డ్రైవరు బల్ల చరిచాడు. తన్నిందెవరో ఇప్పుడు తేలిందన్నాడు. డాక్టరమ్మకి టీ పొలమారింది.

"నడుం వంచి, చీకట్లో, నన్ను పట్టుకుని నడిచావు. నా వీపు తప్ప నీకేం కనపడిందక్కా?"

నేనూ నవ్వేద్దామనుకున్నాను. కానీ మా అమ్మాయి నవ్వడం లేదు. కత్తెర బల్ల మీద మెల్లగా పెట్టి, అయితే అమ్మ ఇవేవీ చూడలేదా పిన్నీ అని అడిగింది. ఆ మెల్లగా పెట్టడం చూసి నాకు భయం వేసింది. కోతలు కోసే ముసలిదాన్ని ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. నా భయం అది కాదు. నేను ముందున్నానని నిజంగానే నమ్మాను. వానలాయన లేవడం నా కళ్ళ ముందు ఉంది. చూడకపోతే ఆ గొడుగుకి ఊచ విరిగిందని నాకెలా తెలుసు?

కళ్ళు మూసుకున్నాను. చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి, నడుం కాస్త వంగింది. జిగురు వాసన వచ్చింది. నా నుదురు దేనికో ఆని ఉంది. వెచ్చగా ఉంది, లోపల్నుంచి గొంతు వినిపిస్తోంది.

"ఊచ విరిగిందని నువ్వే చెప్పావు," అన్నాను. "లోపల గుసగుసగా. వానలాయన లేచాడక్కా, లైట్ల దాకా వెళ్ళాడక్కా అని. నీ వీపుకి చెవి ఆనించి విన్నాను."

చెల్లెలి చేతిలో గుండీ కింద పడి దొర్లింది. దాన్ని వెతికే వంకతో చాలాసేపు వంగే ఉంది.

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గాలాడటం లేదని, నడుం పోతోందని నేను గొణుగుతుంటే, ఎక్కడ గుండీలు తెంపుకుని బయటపడతానోనని అది రోజుకో కబురు చెప్పేదట. వానలాయన నీళ్ళలో జారి పడ్డాడంతే. మంత్రిగారని చెప్పింది కరెంటాయన్ని, నా వీపు మీద కాలు పెట్టి బల్బు మార్చాడట. పందెం గుర్రం అన్నది ఊడ్చేవాణ్ణి, చీపురుతో వెంటపడ్డాడట.

"ఇన్నేళ్ళూ నా చేత కోతలు కోయించింది నువ్వటే?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. నలుగురిలో ఎన్నిసార్లు నవ్వులపాలయ్యానో దానికేం తెలుసు.

"నువ్వు నవ్వితే గుర్రం వెనక అంతా ఊగిపోయేదక్కా. జనం చూసేది దాన్నే. నా మొహం ఎవడు చూశాడు?"

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కోపం కాస్త పక్కకి జరిగింది.

"మరి రాజుగారు?"

అది దారం సూదిలోకి ఎక్కిస్తూ కూర్చుంది. ఎక్కలేదు.

"రాజు లేడు. పైజామా మావయ్యే. ఆపేస్తున్నారని ఆ పొద్దునే తెలిసింది. మోకాళ్ళ మీద కూర్చుని ముద్దు పెట్టాడు. లోపల నీకు నిజం చెబితే అక్కడే కూలబడతావని రాజన్నాను."

"ఆ రోజు నీ కాళ్ళు వణికాయి. రాజంటే ఇంత భయమా దీనికి అనుకున్నాను."

"అదెలా తెలుసు నీకు?"

"నడుం పట్టుకుని ఉన్నాను కదే."

"భయం కాదక్కా," అంది. "ఏడుస్తున్నాను."

ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట, తన మొగుడికి కూడా. మా అమ్మాయి లోపలికి వెళ్ళి టీవీ ఆపేసింది. వచ్చి మెట్టు మీద, మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది, చిన్నప్పటిలా. రేపు సాయంత్రం డాక్టరు దగ్గరికి పిన్నీ మనతో రావాలంది. గుర్రం సంగతి ఆయనతో చెప్పనంది. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతానన్నాను. కత్తెర ఇంకా నా చేతికివ్వలేదు. అయితే గళ్ళబట్ట ఒకటి తెచ్చి పరిచి, సుద్దముక్క ఇచ్చి, చొక్కాకి గీతలు గీసిపెట్టమంది. గీశాను. ఒక్క గీత వంకర పోలేదు, చూసుకోవచ్చు.

ఇదంతా ఇవాళ పొద్దున్నే కూర్చుని రాశాను. నేను బడికి పోలేదు, కత్తిరింపులకి వాడే పాత పేపర్లు చూసి చదవడం నేర్చుకున్నాను. నేను చదివిన ప్రతి వార్తా మెడ దగ్గరో చంక దగ్గరో తెగిపోయేది, మిగతాది నేనే కలుపుకునేదాన్ని. ఇందులో కూడా అలా కలిపి ఉంటాను. అందుకే చెల్లీ, సాయంత్రం బయల్దేరేలోపు ఒకసారి చదువు. వరస తప్పితే తప్పనీ. పేర్లు మాత్రం చూసిపెట్టు. గంభీరం గారు, వానలాయన, పైజామా మావయ్య, ఇవి నిజంగా వాళ్ళని పిలిచే పేర్లా, నువ్వు లోపల పెట్టినవా నాకు తెలియదు. రాజుగారిని మాత్రం కొట్టేయకు, ఉండనీ. మిగతావి నువ్వే చూడాలి. ముందున్నదానివి నువ్వు కదా.