తొట్టిలో అచోకె

పాత్స్‌క్వారో సరస్సు నడుమ లంకలో, దగ్గుతున్న కూతుర్ని చంకనెత్తుకున్న తల్లి రేవులోని ముసలి జాలరిని నిలదీసింది.

“తాతా, నెల కిందట నువ్విచ్చిన అచోకె చేప మాయమైంది. ఇంకోటి ఇవ్వు. మా హసింతాకి దగ్గు కషాయం కాచాలి.”

“అప్పట్నుంచి వలలో ఒక్కటీ పడలేదమ్మా. తొట్టిలో నీళ్లు మార్చావా?”

“పిల్ల ఒళ్లు కాలిపోతుంటే తొట్టి మూత ఎవరు తీస్తారు? దగ్గు కూడా పట్టుకుందని ఇవాళ పొద్దున తీశాను. నీళ్లు అడుగంటాయి. చేప లేదు, దాన్ని మింగిన బల్లి కూర్చునుంది!”

“అది చేప అని నీకెవరు చెప్పారు?”

“మాంసం ముట్టని ఉపవాస శుక్రవారాల్లో కూడా దీన్ని తినొచ్చని చర్చి ఫాదరే అన్నారుగా. చేప కాకపోతే ఏంటి?”

“కప్పకి చుట్టం. అచోకె మెడకి ఎర్రటి కుచ్చులుంటాయి కదా? ఆ బల్లికి అక్కడ ఏమున్నాయి?”

“ఏవో చిన్న బుడిపెలు... ఎందుకు తాతా?”

“నీళ్లు తగ్గితే ఒక్కోసారి కుచ్చులు కరిగిపోతాయి, తోక సన్నబడుతుంది, గట్టు మీద బతకడం మొదలుపెడుతుంది. నీ అచోకెని ఎవరూ మింగలేదు. అదే ఇది. ఎక్కడుంది?”

“పాపని కరుస్తుందేమోనని... చీపురుతో కొట్టి పొయ్యిలో వేశాను.”

“అయ్యో తల్లీ.”

“అది ఉంటే దగ్గు తగ్గేదా?”

“తగ్గుతుందనే మా అమ్మ అందరికీ పట్టేది. ఏడుగురు పుడితే ఇద్దరం మిగిలాం.”

“తెలియక చేశాను తాతా. దేవుడు దాని బదులు నా పిల్లని అడగడు కదా?”

“పాపకి దుప్పటి కప్పు. పట్నం ఆస్పత్రికి పడవ తీస్తున్నా. గాలి ఎదురుగా ఉంది, త్వరగా ఎక్కు.”