లోపల లేని కాడ్మియం

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, నాకు పాఠం చెప్పి ఈనాటికీ ముందు వరుసలో కూర్చుని నా తప్పులు పట్టుకుంటున్న మాస్టారికి, ఆ ఇరుకు ప్రయోగశాలలో ఇన్నేళ్లూ నాతో భుజాలు రాసుకుంటూ పనిచేసిన మిత్రులకు నమస్కారం. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. తీరా చూస్తే మొదటిది కనబడటం లేదు. (నవ్వులు) సరే, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

విషలోహాలను బాక్టీరియా ఎలా బయటికి పంపుతుందో కనిపెట్టిన మనిషినని ఇందాకటి నుంచి నన్ను పొగుడుతున్నారు. వింటుంటే సంతోషించాలో తల దించుకోవాలో పాలుపోవడం లేదు. ఎందుకంటే ఆ పని మొదలైంది నా పొరపాటుతో.

పదకొండేళ్ల క్రితం బ్యాటరీల కర్మాగారం వెనక కాలువ బురదలో ఆ బాక్టీరియా దొరికింది. తక్కినవన్నీ చచ్చిపోయే కాడ్మియం అనే విషలోహంలో అది దర్జాగా పెరిగింది. కణాలు పగలగొట్టి చూస్తే లోపల లోహం దాదాపు లేదు. విషాన్ని మడ్డిగా మార్చి అడుక్కి దింపేసిందని ఊహించాను, ఊహనే నిజమనుకున్నాను, ఆ బాక్టీరియాతో శుద్ధిచేసిన కర్మాగారం తొట్టి నీళ్లు కార్మికుల ఇళ్లకు వదలవచ్చని యాజమాన్యానికి రాసిన ఉత్తరం మీద సంతకం కూడా పెట్టేశాను.

మర్నాడు పొద్దున, మా గాజుసామాను కడిగే అక్క (అదుగో, తలుపు పక్కన కూర్చుంది, ముందుకు రమ్మంటే రాదు) సీసాలు తీసుకెళ్లడానికి వచ్చి అడిగింది.

"అమ్మా, ఆ నీళ్లు మా వీధికే వస్తాయంట కదా. పురుగు లోపల విషం లేదన్నారు. మరి ఎటు పోయింది?"

"అడుక్కి దిగిపోయుంటుంది అక్కా."

"దిగిపోయిందా, దిగిపోయుంటుందా?"

అప్పటికప్పుడు ఆ నీళ్లు వడగట్టి కొలిచాం. కాడ్మియం మొదట ఎంత ఉండేదో అంతే ఉంది. కణం పొరలో పంపులాంటి ప్రోటీను ఒకటి ఉందని ఆ తర్వాత తెలిసింది. లోపలికి జొరబడిన లోహాన్ని జొరబడినట్టే బయటికి తోడేస్తుంది. తన ప్రాణం దక్కించుకుంటుంది, అంతే. నీళ్లు బాగుచేయడం దాని పని కాదు. నీళ్లు వదలడానికి గంట ఉందనగా పరుగున వెళ్లి ఆపించాం.

తర్వాత ఏడేళ్లు ఆ పంపుతోనే గడిచాయి. హైడ్రోజన్ అయాన్లు లోపలికి జారే ఊపుతో అది లోహాన్ని బయటికి నెడుతుందని తేల్చాం. పేరొచ్చింది. మా వ్యాసాల్లో అక్క పేరు లేదు, నా ఉత్తరం సంగతీ లేదు. మీరు ఇప్పుడు సన్మానిస్తున్నది నేను కనిపెట్టినదాన్నా, లేక ఒక వీధి తప్పించుకున్న గండాన్నా? నాకు నిజంగానే తెలియడం లేదండీ.

ఇందాక టీ తాగుతూ అడిగాను. "ఆ రోజు నామీద అనుమానం వచ్చిందా అక్కా?"

"అనుమానమెందుకమ్మా! అది ఎటు పోయిందో మీకు తెలుసు కదా, మీ నోటితో వింటే ధైర్యంగా ఉంటుందని అడిగాను" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీ మంచి మాటలకు, మీ సహనానికి అందరికీ కృతజ్ఞతలు. ఆమెకు మాత్రం ఏం చెప్పాలో తోచక, దిగి వెళ్లి పక్కన కూర్చుంటాను. ఇక నాకు సెలవిప్పించండి.