అశోక్‌నగర్‌లో సముద్రం

అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ, మధ్యాహ్నం వంటలయ్యాక పక్కింటావిడ గుమ్మంలో ఫోన్ పట్టుకుని కూలబడింది.

“గూగుల్‌లో మా హాస్టల్ కనబడటం లేదమ్మా. ఉద్యోగాల నోటిఫికేషన్ పడింది, కోచింగ్‌కొచ్చే పిల్లలంతా గదులు వెతుక్కునే రోజులు.”

“మొన్ననే ఫస్ట్ వస్తుందని మురిసిండ్రు గద అక్కా?”

“గూగుల్‌లో పైకి తెస్తానని డబ్బు తీసుకున్న కన్సల్టెంటే చూపించాడు. హాస్టల్ పేరు కొడితే మొదట మాదే వచ్చింది.”

“పేరు తెల్సినోళ్లు గూగుల్‌ల ఎందుకు ఎతుకుతరు? సీదా వచ్చి బెల్లు కొడతరు.”

“అప్పుడు తోచలేదు. ఎలా చేస్తావని అడిగితే రహస్యమన్నాడు. మా అత్తగారి సాంబారు పొడీ రహస్యమేగా అనుకున్నాను.”

“ఆ పొడికి రుచన్న ఉంటది. ఇంతకు ఏం చేసిండు?”

“ఏదో బీచ్ హోటల్ రివ్యూలు ఎత్తుకొచ్చి మాకు పెట్టాడు. ‘కిటికీలోంచి సముద్రం అద్భుతం’ అని ఒకటి.”

“మన మురికి నాలా గట్ల కనబడ్డదేమో!”

“నవ్వకమ్మా. దొంగ రివ్యూలని గూగుల్ మా పేజీనే తీసేసింది.”

“పోనీ, కొత్తది పెట్టుకోండ్రి.”

“పెట్టుకుంటాను. పాత పేజీతో పోయిన, పిల్లలు నిజంగా రాసినవి ఎక్కణ్ణించి తేను? నల్గొండ పిల్ల ఉద్యోగం వచ్చాక రాసింది. ‘పరీక్ష పోయిన రోజు ఆంటీ ఏం అడగలే, అన్నం పెట్టింది’ అని.”

పక్కింటావిడ నవ్వు ఆగిపోయింది.

“ఆ పిల్లకు ఫోన్ చేసి మళ్ల రాయమనుండ్రి.”

హాస్టల్ ఆవిడ చేతిలోని ఫోన్‌లో ఆ పిల్ల నంబరు దాకా వెళ్లి ఆగింది.

“అడిగి రాయించుకున్న మంచిమాటకీ, వాడి సముద్రానికీ తేడా ఏముందమ్మా?”