రెండో బ్యాటరీ

పసిఫిక్ సముద్రంలోని మంగాయా దీవిలో విమానాశ్రయమంటే ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, ఆ కాటా వెనక తెపాయెరు. పెద్ద దీవి రరోటొంగాకి వెళ్ళే చిన్న విమానంలో ఆ ఉదయం ఆమె కూతురు అకాయితి ఎనిమిదో నెల కడుపుతో పురిటికి వెళుతోంది. అందుకని తెపాయెరుకి ఎక్కేవాళ్ళందరి మీదా అనుమానమే. అందరి తరవాత ఆపసోపాలు పడుతూ వచ్చిన చెల్లెలి కొడుకు రోపాతి మీదైతే మరీనూ.

“జేబులో ఏముందిరా?”

“చేతి రుమాలు, పెద్దమ్మా.”

“రుమాలు పొడుగ్గా గొట్టంలా ఉంటుందా? తియ్యి బయటికి.”

“అబ్బ, ఏం కళ్ళే నీవి! ఇదిగో, ఈ-సిగరెట్టు. చేతిలో పట్టుకెళ్తే పర్లేదని నువ్వేగా బోర్డు పెట్టావు.”

“సామాను అరలో పెట్టకూడదని కూడా పెట్టాను. ఆ ముక్క చదివావా?”

“చదివా, చదివా.”

“మరి ఈ ప్లాస్టిక్ డబ్బా ఏంటి?”

“బ్యాటరీల డబ్బా. విడి బ్యాటరీలు ఊరికే జేబులో పడేసుకోకూడదుగా. చూశావా, నేనెంత బుద్ధిమంతుణ్ణో!”

“బుద్ధిమంతుడా, ఇందులో గూళ్ళు రెండు. బ్యాటరీ ఒకటే. రెండోది ఏదీ?”

“రెండోదా... లేదు.”

“లేదంటే?”

“అంటే, ఉండేది. పోయింది.”

“ఎక్కడ పోయింది?”

“సముద్రంలో. మొన్న చేపలకి వెళ్ళినప్పుడు.”

“మొన్నటి గాలికి ఎవడు దించాడురా పడవ? నువ్వూ నీ జట్టూ చర్చి మెట్ల మీద కూర్చుని పొద్దస్తమానం ఆవులిస్తుంటే నేను చూళ్ళేదూ?”

“అయితే మొన్న కాదు. అటు మొన్న.”

“అటు మొన్న ఆదివారం. ఆదివారం చేపలు పట్టావా? పాస్టరు గారు అదిగో, విమానంలో రెండో సీట్లోనే ఉన్నారు. పిలవనా?”

“అయ్యో, వద్దొద్దు! పెద్దమ్మా, విమానం వెళ్ళిపోతుంది...”

“నేను చెయ్యి ఊపందే అది అంగుళం కదలదు. ఆ ఐసు పెట్టె మూత తియ్యి.”

“టేపు వేసేశాను!”

“కత్తి ఉంది నా దగ్గర.”

“చామదుంపలు, పెద్దమ్మా. ఒట్టి దుంపలు.”

“దుంపల కింద?”

“చేపలు.”

“చేపల కింద?”

“ఐసు. ఇంకేముంటుంది? చేప కడుపులో కూడా చెయ్యి పెట్టి చూస్తావా ఏంటి?”

“చూస్తాను. నిన్ను నమ్మడం కంటే చేపని నమ్మడం నయం... ఊఁ. లేదు. సంచి విప్పు.”

“రెండు చొక్కాలు, ఒక లాగు, బైబిలు.”

“బైబిలు నీకెందుకురా?”

“రేపు కోర్టులో ప్రమాణం చెయ్యాలిగా, మా నాన్న కొబ్బరితోట కోసం.”

“ప్రమాణానికి వెళ్ళేవాడివి, పొద్దున్నే ఇన్ని అబద్ధాలా?”

“వేలెడంత లేదు ఆ బ్యాటరీ! దానికింత రాద్ధాంతమా?”

“వేలెడంతే. మీ మారో మామయ్య తొడ చూశావా ఎప్పుడైనా? జేబులో బ్యాటరీ, పక్కన చిల్లర. రెండు వైపులా ఇనుము తగిలింది, భగ్గుమంది. నేల మీద ఉన్నాడు గనక లాగు విప్పి అవతల పారేశాడు. విమానంలో నీ చేతిలో అంటుకుంటే పక్కవాడైనా చూస్తాడు, నీళ్ళైనా పోస్తాడు. వెనక అరలో అంటుకుంటే ఎవడు చూస్తాడు? కింద అంతా సముద్రం. పైన నా కూతురు.”

“అంత ఇదని నాకు తెలీదు... పైన తొడుగు బాగుంటే ఏం కాదు కదా?”

“ఏ తొడుగు?”

“అదే, బ్యాటరీ చుట్టూ రంగు కాగితంలా ఉంటుందే. కొంచెం చిరిగితే?”

“నీది చిరిగిందా?”

“నాదని అన్నానా? ఊరికే అడుగుతున్నా.”

“ఊరికే అడిగే మొహమేనా అది? రెండోది ఎక్కడుందో చెప్పు. చెప్పకపోతే ఎక్కించను.”

“సరే. ఎక్కను.”

“ఏమిటీ?”

“ఎక్కనంటున్నా. ఇక్కడే ఉంటా.”

“మళ్ళీ విమానం శుక్రవారమేరా. కోర్టు సంగతి?”

“పోతే పోయింది.”

“పదేళ్ళుగా అన్నదమ్ములు కొట్టుకు చస్తున్న తోట, పోతే పోయిందా? ఒరేయ్ రోపాతీ, ఎవరి కోసం దాస్తున్నావురా?”

“ఎవరి కోసమూ కాదు. నేనూ ఎక్కను, నా పెట్టే ఎక్కదు. నీకు నిశ్చింత. ఇంక పంపించెయ్.”

“నిశ్చింతే. ఇదిగో, చెయ్యి ఊపుతున్నా.”

“ఆగు!”

“మళ్ళీ ఏంటి?”

“ఏం లేదు. అందరి సామానూ ఇలాగే చూశావుగా?”

“పాస్టరు గారి పెట్టె కూడా విప్పించాను.”

“అకాయితిది?”

“నా కూతురి సంచి నేనే దగ్గరుండి సర్దాను. దాన్ని వెతికేదేంటి? అది ఎప్పుడో అరలోకి వెళ్ళిపోయింది. జరుగు, ఇంజిను తిరుగుతోంది.”

“పెద్దమ్మా... ఇనుము అంటే చిల్లరా, తాళాలేనా? పిన్నీసులు కూడానా?”

“ఏ పిన్నీసులు?”

“పసిపిల్లల గుడ్డలకి పెట్టేవి.”

“... రోపాతీ.”

“తిట్టకే. మానేసిందే అది, నిజంగానే మానేసింది, ఏడు నెలలు. పొద్దున మా ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఊరు కాని ఊళ్ళో నెల రోజులు ఒక్కదాన్నే ఉండాలి అన్నయ్యా, భయమేస్తోంది, ఒక్కటివ్వు అంది. పాత గొట్టం ఒకటి, ఈ రెండో బ్యాటరీ ఇచ్చాను. చేతిలో ఉంటే అమ్మ చూస్తుందని ఆ గుడ్డల మధ్య దోపింది. నీతో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.”

“తొడుగు?”

“చిరిగింది. కొంచెమే.”

“కెప్టెన్! ఆపండి! ఇంజిను ఆపండి! వెనక అర తెరిచి ఆ నీలం సంచి కింద పడెయ్యండి! ... అవును, నా కూతురిదే. ... అవును, తనిఖీ చీటీ కట్టింది నేనే. ... లేదు బాబూ, చూళ్ళేదు. ఊరందరివీ చూశాను. దానిదొక్కటే చూళ్ళేదు.”